పెడల్ తొక్కే మనిషి

జనవరి 18

మామయ్య గారికి,

నమస్కారం. కవరు మీద నా చేతిరాత చూసి ఏమనుకున్నారో తెలియదు. విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టి ఏడాది దాటింది. ఆ తర్వాత మీకు ఉత్తరం రాయవచ్చో లేదో నాకెవరూ చెప్పలేదు. అడగడానికి కూడా ఎవరూ లేరు. ఫోన్ చేద్దామంటే మీ చెవుల సంగతి తెలుసు. కిందటిసారి నేను "బాగున్నారా" అంటే మీరు "పదకొండున్నర" అన్నారు. పిలుపు మాత్రం పాతదే రాశాను. ఇంకేమని పిలవాలో తోచలేదు.

పని ఉండే రాస్తున్నాను. ఇల్లు ఖాళీ చేసినప్పుడు మీ అబ్బాయి సోఫా, ఫ్రిజ్, మంచి గిన్నెలు తీసుకెళ్ళారు. నాకు కరెంటు కారు మిగిలింది. ఆదివారాలు దాన్ని ఊరి బయట పాత విమానాల రన్‌వే మీదికి తీసుకెళ్తున్నాను. అక్కడ ఒక క్లబ్బు వాళ్ళు టైర్లు పేర్చి మలుపులు కట్టారు. ఎవరి కారు వాళ్ళు వీలైనంత వేగంగా తిప్పుకోవచ్చు. నవ్వకండి. వారమంతా పళ్ళ ల్యాబ్‌లో ఇతరుల దవడల అచ్చులు ముందు పెట్టుకుని కూర్చుంటాను. ఆదివారం ఇంట్లో ఉంటే సాయంత్రం దాకా నా గొంతు నాకే వినబడదు. అక్కడైతే అందరూ హెల్మెట్ పెట్టుకుని ఒక్కళ్ళే ఉంటారు కాబట్టి ఒంటరిగా ఉన్నట్టు అనిపించదు.

కిందటి వారం మూడో చుట్టులో, పొడవాటి దారి చివర బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోయింది. కారు మలుపు తిరగకుండా గడ్డిలోకి పోయి ఆగింది. ఎదురుగా టైర్ల గోడ. దెబ్బలేమీ తగల్లేదు. బస్సు డిపోలో ముప్ఫై ఒక్క ఏళ్ళు బ్రేకుల సెక్షన్ నడిపినవారు మీరు. ఏం మార్చాలో చెప్పండి.

నేను చేసిచ్చిన పైవరస పళ్ళు ఎలా ఉన్నాయి? వదులవుతున్నాయా?

మీ కోడలు అని రాయకూడదు కాబట్టి,
నేనే

జనవరి 29

అమ్మాయికి,

పైన కొట్టివేత చూసి కాగితం పాడుచేశాననుకోకు. అలవాటు కొద్దీ "చి.సౌ. కోడలికి" అని మొదలుపెట్టి, సగంలో గుర్తొచ్చి కొట్టేశాను.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి భయపడ్డాను, రెండోసారి తిట్టాను, మూడోసారికి పనిలో పడ్డాను. పెడల్ మెత్తబడి దిగిపోయిందంటే బ్రేకు ఆయిల్ మరిగింది. గొట్టాల్లో ఆవిరి పుట్టింది. ఆయిల్‌ని నొక్కితే అది చక్రాన్ని పట్టుకుంటుంది, ఆవిరిని నొక్కితే అదే నలిగి ఊరుకుంటుంది. ఘాట్ దిగే బస్సుల్లో ఇది చాలాసార్లు చూశాను. నాకు తెలియనిదల్లా ఒకటే, మూడు చుట్లకే మరిగేంత వేడి ఎందుకొచ్చింది? మీ కరెంటు బండ్లు అసలు బ్రేకే వాడవని మా టీ కొట్టతను చెబుతాడు. అదేమిటో కనుక్కుని రాయి.

మార్చవలసినవి: ముందు చక్రాలకు పెద్ద డిస్కులు, వాటిని నొక్కి పట్టడానికి తగ్గ క్యాలిపర్లు, వేడికి తట్టుకునే ప్యాడ్లు. రబ్బరు గొట్టాలకు బదులు స్టీలు అల్లికవి. ఎక్కువ వేడికి గానీ మరగని ఆయిల్. ఇవన్నీ నీ చేతులతో నువ్వే బిగించగలవు. మా ఇంటి వెనక నువ్వు నా స్కూటర్ డ్రమ్ము విప్పి మళ్ళీ బిగించిన రోజు, మీ అత్తయ్య "పిల్ల చెయ్యి నిదానం" అంది.

చివర్లో గాలి తీయడం మాత్రం ఒంటి చేత్తో అయ్యే పని కాదు. ఒక మనిషి సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గర నిపుల్ అనే చిన్న మరను వదులు చేసి, బుడగలు బయటికి రానిచ్చి, బిగించాలి. బిగించాకే పెడల్ వదలాలి. ముందే వదిలితే పోయిన గాలి మళ్ళీ లోపలికి వస్తుంది. మాకైతే తొక్కే పని మీ అత్తయ్యదే. కూరగాయలు తరుగుతూ కూడా తొక్కేది. నీకు ఎవరున్నారు?

మా వాడి కబురు నాకూ లేదు. నంబరు మార్చాడని విన్నాను, ఎవరికిచ్చాడో తెలియదు.

పళ్ళు భేషుగ్గా ఉన్నాయి.

పెద్దవాణ్ణి కాబట్టి ఆశీస్సులతో

ఫిబ్రవరి 10

మామయ్య గారికి,

నమస్కారం. కొట్టేసిన అక్షరాలు వెలుతురుకి పట్టి చదివాను.

మీ టీ కొట్టతను చెప్పింది సగం నిజం. ఈ కారులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, మోటారే బండిని పట్టి ఆపుతుంది. ఆ ఊపుని కరెంటుగా మార్చుకుని బ్యాటరీలో పోసుకుంటుంది. అందుకే వీధుల్లో ప్యాడ్లకు పనే ఉండదు. నా పాత డిస్కులు విప్పితే అంచులంతా తుప్పు. కానీ బ్యాటరీ నిండుగా ఉంటే పోసుకోవడానికి చోటుండదు కదా, అప్పుడు మోటారు ఆ పని మానేస్తుంది. నేను బుద్ధిగా ప్రతి ఆదివారం నిండా చార్జింగ్ పెట్టుకుని వెళ్ళాను. అంత బరువు బండీ ఆ చిన్న ప్యాడ్ల మీదే పడింది. కడుపు నిండా తిని పరుగు పందేనికి వెళ్ళినట్టయింది.

మీరు రాసినవన్నీ తెప్పించాను. ల్యాబ్ వెనక షెడ్డులో ఒక ఆదివారమంతా పట్టింది. కొత్త డిస్కు పాతదాని పక్కన పెడితే పళ్ళెం పక్కన సాసర్‌లా ఉంది పాతది. మా యజమాని వచ్చి చూసి, "దవడ పని ఇక చిన్నదిగా కనిపిస్తుందేమో నీకు" అన్నాడు.

గాలి తీయడం గురించి బెంగ పెట్టుకోకండి. తొక్కడానికి మనిషి దొరికాడు. కొత్తవాడు కాదు, పాత ఇంటి నుంచి వచ్చినవాడే. పొడుగు, సన్నం. మాట మచ్చుకైనా ఉండదు. మొండి, పెట్టిన చోట నుంచి కదలడు. ఇన్నాళ్ళూ తలుపు వెనక ఉన్నాడు కానీ అవసరానికి పనికొచ్చాడు.

ఇట్లు,
నేనే

ఫిబ్రవరి 20

చి.సౌ. కోడలికి,

ఈసారి కొట్టివేత లేదు, చూశావా.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని నాలుగు రోజులుగా తిరుగుతున్నాను. పొడుగు, సన్నం, మాట తక్కువ, మొండి. ఇరవై తొమ్మిదేళ్ళు నా ఇంట్లో పెరిగినవాణ్ణి నాకు గుర్తులు చెబుతున్నావు. నువ్వు పేరు రాయలేదు, నేనూ రాయను. ఏమీ అడగను కూడా. కుదుటపడుతున్న వాటిని పెద్దవాళ్ళు తవ్వి చూడకూడదు. ఇద్దరూ ఒకే బండి దగ్గర ఒక రోజంతా పనిచేశారంటే నాకంతే చాలు.

నా గది సర్దాను. కిటికీ పక్కన మీ అత్తయ్య కుట్టుమిషను ఉండే చోట రెండో మంచం వేయించాను. ఎందుకని అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు అడిగితే, "పిల్లలు వస్తారు" అన్నాను. ఆ మాట అన్నాక ఇంకో టీ తాగాలనిపించింది.

ఇక పని సంగతి. కొత్త ప్యాడ్లను కొత్త డిస్కులకు అలవాటు చేయాలి. ఖాళీ రోడ్డు మీద వేగంగా వెళ్ళి, గట్టిగా తొక్కి, పూర్తిగా ఆగకుండానే వదిలెయ్యి. అలా ఎనిమిది సార్లు. ఆ తర్వాత బ్రేకు ముట్టుకోకుండా చల్లారేదాకా నడుపు. వేడి మీద ఆపి తొక్కి పట్టుకుంటే ప్యాడు మచ్చ డిస్కు మీద పడిపోతుంది. మోటారు ఆపే పని చేయకుండా సెట్టింగు మార్చుకో, లేకపోతే ప్యాడ్లకు వేడి రాదు.

పెడల్ తొక్కేవాడికి నా మాటగా చెప్పు. కోపంతో తొక్కకూడదు, నిదానంగా తొక్కాలి. వాడికి చిన్నప్పుడు నేను కోపంతోనే నేర్పాను. అది నా తప్పే.

మీ ఇద్దరికీ ఆశీస్సులతో,
మామయ్య

మార్చి 2

మామయ్య గారికి,

నమస్కారం. ఉత్తరం విప్పగానే మొదటి వరుస రెండుసార్లు చదివాను. అలవాటు కొద్దీ రాసి ఈసారి కొట్టేయడం మరిచిపోయారేమో. మరిచిపోయి ఉంటే గుర్తు చేసుకోకండి.

మా వాడెవరో మీరు ఇట్టే పట్టేశారని చదివి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను, పక్క బల్ల ఆవిడ తిరిగి చూసింది. పేరు రాయకపోవడమే మంచిది, చెబితే పరువు పోతుంది. మీ మాట కూడా చెప్పాను. ఉలకలేదు, పలకలేదు. రెండో మంచం సంగతి మాత్రం అంతుపట్టలేదు. వేళాకోళానికి రాశారో నిజంగానే వేశారో.

ఎనిమిది సార్లూ మీరు చెప్పినట్టే చేశాను. డిస్కుల మీద బూడిద రంగులో చక్కటి పొర వచ్చింది. ఒక్కటే కొంచెం తేడా. పెడల్ మొదటిసారి తొక్కితే సగం దాకా దిగుతుంది, వెంటనే రెండోసారి తొక్కితే రాయిలా నిలుస్తుంది. కొత్త సామాను కదా, సర్దుకుంటుందనుకుంటున్నాను. గాలి తీయడానికి ఒక్కో చక్రానికి అరగంట పైనే పట్టింది. సీటు అంచున గుండ్రంగా గుంట కూడా పడింది, అది ఎలా పోతుందో తెలియదు.

ఈ నెల 29న క్లబ్బులో ఎవరి చుట్టు ఎంత వేగమో టైము చూసే రోజు. కిందటిసారి నేను గడ్డిలోకి పోయిన చోటే అందరూ టైము పోగొట్టుకుంటారు. ఈసారి గోడకి ఇంకాస్త దగ్గరగా వెళ్ళి బ్రేకు తొక్కాలని ఉంది. ఒక్కసారైనా ఒక పని సరిగ్గా ఆగవలసిన చోట ఆపాలి.

ఇట్లు,
కోడలు (మీరు కొట్టేయలేదు కాబట్టి)

మార్చి 9

చి.సౌ. కోడలికి,

29న వెళ్ళకు. ముందు ఇది చదువు, తర్వాత మిగతాది.

మొదటిసారి దిగి, రెండోసారి నిలిచే పెడల్ అంటే గొట్టాల్లో గాలి ఉంది. అది సర్దుకోదు. ఆ దారి చివర నీకు రెండోసారి తొక్కే వ్యవధి ఉండదు. ఇంత ఖరీదైన సామాను బిగించి గాలి వదిలేస్తే పాత బ్రేకులే నయం.

అసలు గాలి ఎందుకు మిగిలిందని రెండు రోజులు ఆలోచించాను. ఇద్దరు మనుషులుంటే ఒక్కో చక్రానికి పది నిమిషాలు చాలు. నీకు అరగంట. అదీకాక సీటు అంచున గుండ్రటి గుంట అంటున్నావు. వాడు డెబ్బై ఎనిమిది కిలోలు, కూర్చుంటే సీటు మొత్తం అణుగుతుంది కానీ అంచున గుండ్రంగా ఎందుకు పడుతుంది

వాక్యం పూర్తి చేయకుండా లేచి బయట తిరిగి వచ్చాను.

అది కర్ర కదూ. సీటుకీ పెడల్‌కీ మధ్య బిగించావు. నిపుల్ వదులు చేయగానే పెడల్ కిందికి పోతుంది, కర్ర జారుతుంది, నువ్వు పరిగెత్తుకొచ్చి మళ్ళీ నిలబెడతావు. ఈలోపు గాలి లోపలికి. నాకెలా తెలుసంటే, మీ అత్తయ్య చనిపోయిన ఏడాది నేనూ చీపురు కర్రతో ఇదే చేశాను. నా పాత కారు సీటుకి ఆ గుంట ఇప్పటికీ ఉంది.

నా కొడుకు వచ్చాడనుకున్నాను. నువ్వు అబద్ధం ఆడలేదు, నేనే చదువుకున్నాను. టీ కొట్టతనికి కూడా చెప్పాను. ముసలివాడు ఒక మంచం కొనుక్కున్నాడు, అంతే జరిగింది. కానీ ఈ రోజు నాకు చాలా కష్టంగా ఉంది, దాచను.

పైన మొదలుపెట్టిన పిలుపు కొట్టేయాలో ఉంచాలో తెలియక అలాగే వదిలేస్తున్నాను. నువ్వు మాత్రం 29న వెళ్ళకు.

మార్చి 13

మామయ్య గారికి,

క్షమించండి. ఎన్నిసార్లు రాసినా చాలదు.

కర్రే. పాత ఇంట్లో హాలు కిటికీకి ఉండే కర్టెన్ కర్ర. తలుపు వెనక పడి ఉంది. మీరు "నీకు ఎవరున్నారు" అని అడిగారు. ఆ ప్రశ్నకి ఎవరూ లేరు అని రాయడం చేతకాలేదు మామయ్య గారూ. రాసి చూశాను, అక్షరాలు బాగా లేవనిపించి కాగితం చింపేశాను. అందుకని కర్రని మనిషిని చేసి వేళాకోళంగా రాశాను. మీకు అర్థమైందనుకున్నాను. మీరూ ఆట ఆడుతున్నారనుకున్నాను. పొడుగు, మొండి అని రాసేటప్పుడు మీ అబ్బాయి నా మనసులో లేరు. ఇప్పుడు చదివితే ఇంకెవరూ కనిపించడం లేదు.

తన కబురు నాకు నిజంగా తెలియదు. తెలిస్తే మీకే ముందు రాసేదాన్ని.

ల్యాబ్‌లో ఎవరినైనా అడగొచ్చు కదా అనొచ్చు మీరు. అడగొచ్చు. "పది నిమిషాలు పెడల్ తొక్కుతారా" అంటే ఎవరో ఒకరు వస్తారు. వచ్చాక "ఇంట్లో ఎవరూ లేరా" అంటారు. దానికి భయపడి నాలుగు చక్రాలకీ గాలి పట్టించాను.

ఒక మాట అడుగుతాను, కాదంటే ఏమీ అనుకోను. 22 ఆదివారం నేను కారు తీసుకుని మీ దగ్గరికి వస్తాను. దారిలో ఒకచోట చార్జింగ్ పెట్టుకుంటే చాలు. మీరు సీట్లో కూర్చోండి. కాకపోతే చక్రం దగ్గర నుంచి నేను చెప్పేది మీకు వినబడదు, దానికేం చేయాలో మీరే చెప్పండి. నన్ను కోడలని పిలవనక్కర్లేదు. పెడల్ తొక్కితే చాలు.

ఇట్లు,
నేను

మార్చి 17

రా.

పిలుపు దొరక్క అలా మొదలుపెట్టాను. ఆయిల్ డబ్బాలు రెండు తీసుకురా, తెరిచినవి వద్దు. వినబడకపోవడం పెద్ద సంగతి కాదు. పురికొస ఒక చివర నా చేతికి కట్టు, ఇంకో చివర నీ దగ్గర ఉంచుకో. ఒకసారి లాగితే తొక్కి పట్టుకుంటాను. రెండుసార్లు లాగితే వదులుతాను. అంతవరకూ వదలను.

వచ్చేటప్పుడు నీ పళ్ళ సామాను కూడా తెచ్చుకో. పైవరస వదులై ఆరు నెలలైంది. గ్లాసులో వేసి పెట్టాను. విడిపోయిన కోడల్ని పళ్ళు బిగించమని ఎలా అడుగుతానని ఊరుకున్నాను.

మార్చి 30

మామయ్య గారికి,

నమస్కారం. నిన్న వెళ్ళాను. ముందు అది చెబుతాను, లేకపోతే మీరు వరుసలు దాటేసి చివర చదువుతారు.

బ్యాటరీ, మీ దగ్గరికి వచ్చినప్పుడు మీరు చెప్పినట్టు, ముప్పావు దాకానే పెట్టాను. పొడవాటి దారి చివర, కిందటిసారి బ్రేకు తొక్కిన చోటు దాటాక బ్రేకు తొక్కాను. పెడల్ మొదటిసారికే నిలిచింది. పాదం కింద గచ్చులా ఉంది. కారు మలుపుకి ముందే నెమ్మదించింది, గోడ ఎక్కడో దూరంగా ఉండిపోయింది. ఎనిమిది చుట్లు తిప్పాను. ఎనిమిదిసార్లూ ఒకేలా. టైము చూస్తే పదిహేడు మందిలో పదకొండో స్థానం. క్లబ్బతను నా డిస్కులు చూసి, "గాలి ఎవరు తీశారు, బాగా తీశారు" అన్నాడు. "మా మామయ్య గారు పట్టుకున్నారు, నేను తీశాను" అన్నాను. ఇంకేమీ అడగలేదు. నేను భయపడినదంతా అడుగుతారేమోనన్న భయమే.

ఆ ఆదివారం గురించి ఒక సంగతి మీతో అనలేదు. ఆఖరి చక్రం బిగించాక నేను లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను. నూనె వదలక సబ్బుతో చాలాసేపు రుద్దాను. ఇంటివాళ్ళు మాటల్లో పెట్టారు. టీ రెండు గ్లాసుల్లో పోసుకుని వచ్చేసరికి మీరు ఇంకా సీట్లోనే ఉన్నారు. కాలు వణుకుతోంది, ప్యాంటు గుడ్డ కూడా వణుకుతోంది. "అయ్యో, అయిపోయింది మామయ్య గారూ, ఇంకా పట్టుకునే ఉన్నారా?" అంటే, మీకు వినబడక పురికొస చూపించి, "నువ్వు రెండుసార్లు లాగలేదుగా" అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు మీ ఊరు దాటాక కారు పక్కకి ఆపి ఏడ్చాను. బాధతో కాదు. నాకోసం ఎవరైనా అలా పట్టుకుని కూర్చుని ఎన్నేళ్ళయిందో లెక్క తెలియలేదు.

మీ చేతి నుంచి తీసిన పురికొస పారేయలేదు. సీటు కింద కట్టి ఉంచాను. పళ్ళు ఎలా ఉన్నాయి? ఈసారి నిజం రాయండి.

ఇట్లు,
మీ మనిషి

ఏప్రిల్ 6

మా అమ్మాయికి,

పోస్టాఫీసులో రిటైరైన గుమాస్తా ఒకాయన టీ కొట్టుకి వస్తాడు. కొడుకు వదిలేసిన కోడలికి ఉత్తరం పైన ఏం రాయాలని అడిగాను. "దానికి మాట ఏమీ లేదండీ, ఎవరూ రాయరు" అన్నాడు. అందుకని నేనే ఒకటి పెట్టుకున్నాను. బాగాలేకపోతే చెప్పు.

పదకొండో స్థానం చదివి ముందు నిరుత్సాహపడ్డాను. పెడల్ నిలిచిందన్న వరుస మళ్ళీ చదివి సరిపెట్టుకున్నాను. బ్రేకు పనివాడికి గోడ దూరంగా కనిపించడమే కావాలి, టైము సంగతి మోటారు చేసినవాడు చూసుకుంటాడు.

పళ్ళు బిగువుగా ఉన్నాయి. మొన్న జామకాయ కొరికాను. గింజలు ఇరుక్కున్నాయి, అది నీ తప్పు కాదు. కాలు కూడా బాగానే ఉంది. రెండు రోజులు పట్టేసింది. టీ కొట్టతను ఎందుకు కుంటుతున్నావని అడిగితే, "మా అమ్మాయి వచ్చింది, పని పడింది" అన్నాను. కొడుకు గురించి నేను ముందు చెప్పిన అబద్ధాన్ని అతను గుర్తు చేయలేదు. మంచివాడు.

రెండో మంచం తీసేయమని ఇంటివాళ్ళకి చెప్పబోయి ఆగాను. వాడు ఎప్పుడైనా వస్తే వాడిది. రాకపోతే ఖాళీగా ఉండనక్కర్లేదు. దుప్పటి ఉతికించాను.

చివరగా పని సంగతి. బ్రేకు ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. తేమ చేరితే తొందరగా మరుగుతుంది. అందుకని ట్రాక్ మీద తిప్పే బండికి మూడు నెలలకోసారి ఆయిల్ మార్చి, గాలి తీయాలి. అంటే జూన్ చివర నువ్వు రావాలి.

పై మాట రాసి మడతపెట్టి, మళ్ళీ విప్పాను. నిజం రాయమన్నావు కదా. నువ్వు పోసిన ఆయిల్ మంచి రకం, ఆరు నెలలు ఆగుతుంది. నువ్వు మూడు నెలలకే రా.

మామయ్య